బైపాస్ ఇచ్చేది గడువే

కర్నూలు నుంచి కడపకు సరుకుతో పోయే లారీకి ఇప్పుడు నంద్యాల బజారుతో పని లేదు. ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలితోనూ పని లేదు. నాలుగు వరసల రోడ్డు మీద రెండూళ్లనూ పక్కకు వదిలేసి వెళ్లిపోతుంది. ఆ లారీలన్నీ తప్పుకున్నాక కూడా నంద్యాల శ్రీనివాస సెంటర్లో సాయంత్రం పూట బండి ఎందుకు ముందుకు కదలదు? ఆళ్లగడ్డ వాళ్లకు అదే బైపాస్ ఎక్కువ ఊరటనిచ్చి, నంద్యాల వాళ్లకు తక్కువగా ఎందుకనిపిస్తుంది?

లోపం రోడ్డు వేసినవాళ్లదని తేల్చేయడం సులువే. ట్రాఫిక్ శాస్త్రం మాత్రం ముందు ఇంకో ప్రశ్న అడుగుతుంది: రోడ్డు మీద ఉన్న బండి ఊరిని దాటిపోవడానికి వచ్చిందా, ఊళ్లో ఆగడానికి వచ్చిందా? బైపాస్ మొదటి రకానికే పనికొస్తుంది. రెండో రకాన్ని అది ముట్టుకోలేదు. కాబట్టి బైపాస్ వల్ల ఊరికి దక్కేది కొన్నేళ్ల గడువు. ఆ గడువు నాలుగేళ్లా, పద్నాలుగేళ్లా అన్నది ఊరి స్వభావాన్ని బట్టి ఉంటుంది. దాన్ని ముందే లెక్కగట్టవచ్చు కూడా.

ఒకే లోయ, ఒకే దారి

తూర్పున నల్లమల, పడమర ఎర్రమల. నడుమ ఉత్తరం నుంచి దక్షిణానికి పారే కుందూ నది. నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ, చాగలమర్రి ఈ లోయలోనే ఒకదాని కింద ఒకటిగా ఉన్నాయి. కొండల నడుమ ఇరుకైన మైదానంలో పెద్ద దారి ఒకటే ఏర్పడుతుంది, ఊళ్లన్నీ ఆ దారినే పట్టుకుని పెరుగుతాయి. కర్నూలు నుంచి నంద్యాల, కడప, చిత్తూరు మీదుగా తమిళనాడులోని రాణిపేట దాకా పోయే ఈ దారిలో చిత్తూరు దాకా ఉన్న భాగాన్ని ఒకప్పుడు 18వ నంబరు జాతీయ రహదారి అనేవారు. 2010లో దేశమంతటా రహదారుల నంబర్లు మార్చినప్పుడు అది 40 అయింది.

రెండు వరసల రోడ్డుగా ఉన్నంతకాలం జాతీయ రహదారీ ఊరి మెయిన్ రోడ్డూ ఒకటే. చెన్నై వైపు పోయే లారీ, ధాన్యం ట్రాక్టరు, బడి పిల్లల ఆటో, పూల తోపుడుబండి, అందరిదీ అదే తారు. జాతీయ రహదారుల అభివృద్ధి పథకం మూడో దశలో కడప, మైదుకూరు, కర్నూలు మధ్య 188.752 కిలోమీటర్లను నాలుగు వరసలు చేశారు. ప్రైవేటు సంస్థ పెట్టుబడి పెట్టి రోడ్డు కట్టి, ఏళ్ల తరబడి టోలు వసూలు చేసుకునే పద్ధతి అది. నన్నూరు, చాగలమర్రి టోల్‌గేట్లు అలా వచ్చినవే. అలా వెడల్పు చేసేటప్పుడు ఇళ్లు, అంగళ్లు కూలగొట్టి ఊరి నడుమ నుంచే నాలుగు వరసలు పోనివ్వడం ఒక దారి. ఊరి పక్కన పొలాల్లోంచి కొత్త రోడ్డు వేయడం రెండో దారి. పెద్ద ఊళ్ల దగ్గర రెండోదే ఎంచుకున్నారు.

ముందు లెక్క, తర్వాతే గీత

మ్యాపు మీద గీత గీయడానికి ముందు చేయాల్సిన పని బండ్లను లెక్కించడం. ఊరికి వచ్చే ప్రతి రోడ్డు మీదా ఏడు రోజులపాటు, రాత్రీ పగలూ, రకాలవారీగా లెక్క రాస్తారు. సంత రోజు కలవాలి, ఆదివారమూ కలవాలి. అందుకే వారం.

అయితే బండి అంటే అన్నీ ఒకటి కావు. రోడ్డును ఎంత ఆక్రమిస్తుంది, ఎంత నెమ్మదిగా పోతుంది అన్నదాన్ని బట్టి ప్రతి బండినీ ఇన్ని కార్లతో సమానం అని మారుస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన ప్రమాణాల్లో కారు 1 అయితే మోటారు సైకిలు 0.5, లారీ లేదా బస్సు 3, ట్రాలీ తగిలించిన ట్రాక్టరు 4.5, ఎద్దుల బండి 8. అంటే కోతల కాలంలో వంద ధాన్యం ట్రాక్టర్లు వస్తే రోడ్డుకు అవి 450 కార్లు. అదే వంద మోటారు సైకిళ్లు 50 కార్లే. మైదాన ప్రాంతంలో ఊరి బయటి రెండు వరసల రోడ్డు రోజుకు సుమారు 15 వేల కార్లకు సమానమైన రద్దీని హాయిగా మోస్తుంది. నాలుగు వరసలది 35 వేల నుంచి 40 వేలు. ఊళ్లోకి వచ్చేసరికి అంత ఉండదు. అంగడి ముందు నిలిపిన రెండు బండ్లు, అడ్డంగా తిరిగే ఒక ఆటో చాలు, వరసలో సగం పోయినట్టే.

రెండో లెక్క అసలైనది. పోలీసుల సాయంతో కొన్ని బండ్లను ఆపి అడుగుతారు: ఎక్కడి నుంచి బయల్దేరావు, ఎక్కడికి పోతున్నావు, బండిలో ఏముంది, ఎన్నాళ్లకోసారి వస్తావు? ఈ జవాబులతో ప్రయాణాలు మూడు గంపలుగా విడిపోతాయి. బేతంచెర్ల నాపరాళ్లతో కడప వైపు పోయే లారీ ఊరిని దాటిపోయే రకం. శిరివెళ్ల నుంచి పత్తి తెచ్చి నంద్యాలలో దించే ట్రాక్టరు, కోవెలకుంట్ల నుంచి ఆసుపత్రికి వచ్చే కుటుంబం బయటి నుంచి వచ్చి ఊళ్లో ఆగే రకం. సంజీవనగర్ గేటు నుంచి నూనెపల్లెకు పోయే షేర్ ఆటో ఊళ్లోనే తిరిగే రకం.

బైపాస్ ఎక్కేది మొదటి రకం మాత్రమే. ఊరు పెద్దదయ్యేకొద్దీ ఆ మొదటి రకం వాటా తగ్గిపోతుంది. ఇది ఏ దేశంలో లెక్కించినా కనిపించే సంగతి. చిన్న ఊరికి వచ్చే బండ్లలో ఎక్కువభాగం దాన్ని దాటిపోయేవే. పెద్ద ఊరు తానే గమ్యం, దానికి వచ్చే బండ్లు అక్కడే ఆగుతాయి. నంద్యాల 2011 జనాభా లెక్కల నాటికే రెండు లక్షల ఊరు. విత్తనాల వ్యాపారం, పత్తి, 1906లో మొదలైన వ్యవసాయ పరిశోధన కేంద్రం, ఆసుపత్రులు, బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి గదులు అద్దెకు తీసుకునే పిల్లలు, వీటికి తోడు 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. కలెక్టరాఫీసుకు అర్జీతో వచ్చే మనిషికి బైపాస్ ఎందుకు? ఆళ్లగడ్డ చాలా చిన్నది. దాని రోడ్డు మీద ఒకప్పుడు పోయిన భారీ వాహనాల్లో చాలావాటికి ఆ ఊరితో టీ నీళ్ల సంబంధం తప్ప ఇంకేమీ లేదు. అందుకే ఒకే రోడ్డు, ఒకే ప్రమాణంతో వేసినా, చిన్న ఊరికి చేసిన మేలు పెద్ద ఊరికి అదే పాళ్లలో చేయలేదు.

ఐదో వంతు తప్పితే ఏమవుతుంది?

రద్దీ నిదానంగా పెరిగినా ఆలస్యం నిదానంగా పెరగదు. ఈ సంగతి అంకెల్లో చూడటానికి 1964లో అమెరికా ప్రజా రహదారుల విభాగం ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. రోడ్డు మీది రద్దీని దాని సామర్థ్యంతో భాగించి, వచ్చిన దాని నాలుగో ఘాతాన్ని 0.15తో హెచ్చించాలి. ఖాళీ రోడ్డు మీద పట్టే కాలానికి అంత వంతు ఆలస్యం కలుస్తుంది.

ఒక ఊహా ఊరు తీసుకుందాం. రోడ్డు మోయగలిగింది వంద, దాని మీదికి వస్తున్నది నూట ఇరవై. ఖాళీగా ఉంటే పది నిమిషాల్లో దాటే దూరానికి 13.1 నిమిషాలు పడుతుంది. ఇప్పుడు బైపాస్ వేసి ఐదో వంతు బండ్లను తప్పించాం. మిగిలినవి 96. ప్రయాణం 11.3 నిమిషాలకు దిగింది. బండ్లు తగ్గింది ఐదో వంతే, ఆలస్యం మాత్రం సగానికి పైగా పోయింది. రిబ్బను కత్తిరించిన మొదటి సంవత్సరం ఊరంతా సంతోషంగా ఉండటానికి కారణం ఈ నాలుగో ఘాతమే. కూడళ్లు, బండ్ల బారులు లెక్కలోకి తెస్తే అసలు రోడ్డు మీద తేడా ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

ఆ ఘాతమే తర్వాత ఎదురు తిరుగుతుంది. బండ్లు ఏడాదికి ఐదు శాతం చొప్పున పెరుగుతాయనుకుందాం. రోడ్లు రూపొందించేటప్పుడు సాధారణంగా పట్టుకునే అంకె అది. 96 మళ్లీ 120 కావడానికి నాలుగున్నరేళ్లు చాలు. అదే ఊళ్లో సగం బండ్లు దాటిపోయేవే అయ్యుంటే, బైపాస్ తర్వాత మిగిలేవి 60. అవి మళ్లీ 120కి చేరడానికి పద్నాలుగేళ్లు. దాటిపోయే వాటా ఇరవై శాతమున్న ఊరికి నాలుగున్నరేళ్ల గడువు, యాభై శాతమున్న ఊరికి పద్నాలుగేళ్ల గడువు. రోడ్డు ఖర్చు రెండుచోట్లా దాదాపు ఒకటే.

ఈ లెక్కలో లేని ఇంకో చిక్కు కూడా ఉంది. రోడ్డు ఖాళీ అయితే, రద్దీకి భయపడి ఇన్నాళ్లూ రానివాళ్లు వస్తారు. మోటారు సైకిలు మీద పోయేవాళ్లు కారు తీస్తారు. అమెరికా నగరాలపై డ్యురాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధనలో, రోడ్డు వరసలు ఎంత శాతం పెరిగితే బండ్లు తిరిగే దూరం కూడా దాదాపు అంత శాతం పెరిగిందని తేలింది. ఇంగ్లండులో న్యూబరీ అనే ఊరికి పెద్ద ఉద్యమాల నడుమ బైపాస్ కట్టి 1998 నవంబరులో తెరిచారు. లారీలు ఊళ్లోంచి పోయాయి, ఊరు ఊపిరి పీల్చుకుంది. పదేళ్లు తిరక్కముందే రద్దీ వేళల్లో ఊళ్లో బండ్లు పాత స్థాయికి దగ్గరగా వచ్చేశాయి.

దగ్గరా, దూరమా?

బైపాస్ ఊరికి ఎంత ఎడంగా ఉండాలి? దీనికి జవాబు డ్రైవరు మనసులో ఉంది. ప్రతి డ్రైవరూ తనకు తక్కువ కాలం పట్టే దారినే ఎంచుకుంటాడు, చివరికి వాడుకలో ఉన్న దారులన్నిటిలో పట్టే కాలం సమానమయ్యేదాకా బండ్లు సర్దుకుంటాయి అని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వార్‌డ్రాప్ 1952లో చెప్పాడు. ఊరి మీదుగా ఐదు కిలోమీటర్లు, బైపాస్ మీదుగా తొమ్మిది అనుకుందాం. పగలు ఊళ్లో గంటకు 15 కిలోమీటర్ల వేగం మించదు కాబట్టి ఇరవై నిమిషాలు. బైపాస్‌లో 60 వేగంతో తొమ్మిది నిమిషాలు. లారీ మారు మాట్లాడకుండా బైపాస్ ఎక్కుతుంది. రాత్రి రెండు గంటలకు ఊరి రోడ్డు ఖాళీ. 40 వేగంతో పోతే ఏడున్నర నిమిషాలే. డీజిలు కూడా మిగులుతుంది. అప్పుడు అదే లారీ నిద్రపోతున్న ఊళ్లోకి వస్తుంది.

అంటే బైపాస్ మరీ దూరంగా వేస్తే డ్రైవర్లు వాడరు. మరీ దగ్గరగా వేస్తే పదేళ్లలో ఊరే దాన్ని మింగేస్తుంది. ఈ రెండింటి నడుమ గీత గీసి, అది చాలనప్పుడు భారీ వాహనాలకు ఊళ్లో ప్రవేశం నిషేధించే బోర్డు, దాన్ని అమలు చేసే మనిషి కావాలి. బోర్డు ఒక్కటే పెడితే చాలదని చెప్పనక్కర్లేదు.

లారీని ఊళ్లోంచి తప్పించడానికి రద్దీ ఒక్కటే కారణం కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 వరకు నడిపిన ఒక భారీ పరీక్షలో, రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు మీద పడే బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. అర టన్ను మోసే కారు ఇరుసుకూ, పది టన్నులు మోసే లారీ ఇరుసుకూ బరువులో తేడా ఇరవై రెట్లు. నష్టంలో తేడా లక్షా అరవై వేల రెట్లు. లారీలు తప్పుకుంటే మున్సిపాలిటీ వేసిన రోడ్డు ఎక్కువ కాలం బతుకుతుంది. ఈ లాభం మాత్రం నాలుగేళ్లకు కరిగిపోయేది కాదు.

వేగానికి తగ్గ వంపు

పాత రోడ్డు చెరువుగట్టు చుట్టూ, గుడి చుట్టూ, ఎవరి పొలమో గట్టు వెంబడి వంకర్లు పోతుంది. బైపాస్ అలా పోలేదు. బండి మలుపు తిరిగేటప్పుడు బయటికి విసిరే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. టైరు పట్టు, రోడ్డును ఒకవైపు ఎత్తి ఇచ్చే వాలు కలిపి దాన్ని ఆపాలి. మన ప్రమాణాల ప్రకారం గంటకు 50 కిలోమీటర్ల వేగానికి మలుపు వ్యాసార్ధం 90 మీటర్లుంటే సరిపోతుంది. 100 కిలోమీటర్ల వేగానికి 360 మీటర్లు కావాలి. వేగం రెండింతలు, మలుపు నాలుగింతలు. ఎదురుగా అడ్డం కనిపించినప్పుడు ఆగడానికి 50 వేగంలో 60 మీటర్ల చూపు చాలు, 100 వేగంలో 180 మీటర్లు ఉండాలి. మా చేను వదిలేసి పక్కకు తిప్పండి అని రైతు అడిగితే ఇంజనీరు తల అడ్డంగా ఊపడంలో ప్రతిసారీ మొండితనమే ఉండదు. ఒక చోట పది మీటర్లు జరిపితే దాని ముందూ వెనకా కిలోమీటరు మేర గీత మారుతుంది.

నల్లరేగడి, నల్లమల నీళ్లు

కుందూ లోయ పంటలకు వరం, రోడ్లకు కష్టం. నల్లరేగడిలోని బంకమట్టి రేణువులు పొరలు పొరలుగా ఉండి, పొరల మధ్యకు నీటిని పీల్చుకుంటాయి. వానకు ఉబ్బుతుంది, వేసవికి కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. ఎండినప్పుడు గునపం దిగని నేల, నానినప్పుడు టైరును మింగుతుంది. నీటిలో వేసినప్పుడు యాభై శాతానికి మించి ఉబ్బే మట్టిని రోడ్డు కట్ట పోయడానికి వాడకూడదని కేంద్ర రహదారుల శాఖ నిబంధన. కాబట్టి పక్క చేలోని మట్టిని తవ్వి కట్ట పోయడం కుదరదు. మెట్టల నుంచి గ్రావెలు తోలాలి, లేదా మట్టికి సున్నం కలిపి దాని గుణం మార్చాలి. ఉబ్బని మట్టితో అర మీటరు పైన మందంలో ఒక పొర వేసి, నీరు దిగకుండా రోడ్డు అంచులు కాపాడాలి. బైపాస్ వేసిన మూడేళ్లకే తారు అలలు తిరిగిందంటే చాలాసార్లు దోషం తారులో ఉండదు, అడుగున నీళ్లు తాగిన నేలలో ఉంటుంది.

నీళ్ల సంగతి ఇంకా పెద్దది. నల్లమల నుంచి దిగే వాగులు పడమరకు పారి కుందూలో కలుస్తాయి. నంద్యాల నడుమ నుంచి పోయే మద్దిలేరు, చామకాల్వ, ఆళ్లగడ్డ దగ్గర వక్కిలేరు ఇలాంటివే. రోడ్డేమో ఉత్తరం నుంచి దక్షిణానికి. అంటే రోడ్డు కట్ట ప్రతి వాగుకూ అడ్డంగా నిలబడుతుంది. మోరీలు చాలినన్ని లేకపోతే ఆ కట్ట ఎవరూ కోరని ఆనకట్ట అవుతుంది. ఒకవైపు పైర్లు మునుగుతాయి, మరోవైపు పొలాలకు నీరందదు. 2019 సెప్టెంబరు వానలకు మహానంది ఆలయంలోకి నీళ్లు వచ్చాయి, కుందూ పొంగి నంద్యాల ప్రాంతం అతలాకుతలమైంది. అటువంటి వానను చిన్న మోరీ ఆపదు, ఆపకూడదు కూడా. దాన్ని పోనివ్వాలి.

చిన్న కల్వర్టులను సాధారణంగా యాభై ఏళ్లకోసారి వచ్చే వరదకు లెక్కగట్టి కడతారు. ఈ మాట విని యాభై ఏళ్లదాకా నిశ్చింత అనుకోవడం పొరపాటు. ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం రెండు శాతం ఉందని దాని అర్థం. ముప్పై ఏళ్ల వ్యవధిలో ఒక్కసారైనా రావడానికి అవకాశం నలభై ఐదు శాతం. ఇంచుమించు బొమ్మా బొరుసే.

వాగులు పోను సుంకేసుల నుంచి కడప దాకా పోయే కేసీ కాలువ, దాని నుంచి చీలే పిల్లకాలువలు ఉన్నాయి. మ్యాపులో కనిపించనంత చిన్న పిల్లకాలువ కూడా పది ఎకరాల ఆయకట్టుకు ప్రాణం. రోడ్డు వేసేటప్పుడు ఏ పైపు ఎక్కడ వేయాలో ఉపగ్రహ చిత్రం కన్నా నీరుగట్టుకు, అంటే చేలకు నీళ్లు మళ్లించే మనిషికి బాగా తెలుసు. సర్వే దశలోనే అతన్ని అడగడానికి ఖర్చేమీ కాదు.

ఎకరాల లెక్క

నాలుగు వరసల రహదారికి సుమారు 60 మీటర్ల వెడల్పున భూమి తీసుకుంటారు. కిలోమీటరుకు ఆరు హెక్టార్లు, దాదాపు పదిహేను ఎకరాలు. పది కిలోమీటర్ల బైపాస్ అంటే నూట యాభై ఎకరాల మాగాణి. అడ్డరోడ్డు వచ్చినచోట ఇంకా ఎక్కువ. కింది నుంచి లారీలు, బస్సులు పోవడానికి 5.5 మీటర్ల ఎత్తు వదలాలి. పైన శ్లాబు మందం కలిపితే రోడ్డు ఆరేడు మీటర్లు లేవాలి. అంత ఎత్తుకు నెమ్మదిగా ఎక్కడానికి రెండు వైపులా రెండు మూడు వందల మీటర్ల కట్ట కావాలి. కట్ట ఎత్తు మీటరు పెరిగితే అడుగు వెడల్పు నాలుగు మీటర్లదాకా పెరుగుతుంది.

భూసేకరణ 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద జరుగుతుంది. గెజిట్‌లో ప్రకటన వచ్చిన 21 రోజుల్లోగా అభ్యంతరం రాసి ఇవ్వాలి. పరిహారాన్ని మాత్రం 2015 నుంచి 2013 నాటి కొత్త భూసేకరణ చట్టం లెక్కన కడుతున్నారు. చాలామంది రైతులు పరిహారం మీదే మాట్లాడి, మిగిలిన చేలోకి దారి ఎటు, కాలువ ఎటు పోతుంది, అండర్‌పాస్ ఎంత దూరం అన్న సంగతులు రోడ్డు లేచాక గమనిస్తారు. అప్పటికి ఆ ఇరవై ఒక్క రోజులు ఎప్పుడో గడిచిపోయి ఉంటాయి.

బైపాస్ బజారైతే

రోడ్డు పడిన మరుసటి రోజు నుంచి దానికి ఇంకో పరీక్ష మొదలవుతుంది. ముందు ధాబా, తర్వాత పెట్రోలు బంకు, పంక్చరు షాపు, ఆ వెనక రాళ్లు పాతిన వెంచర్లు, ఫంక్షన్ హాలు, కాలేజీ. ప్రతిదానికీ రహదారి మీదికి ఒక దారి. అలా తెరుచుకున్న ప్రతి దారీ ఒక కూడలి. నాలుగు రోడ్లు కలిసే మామూలు కూడలిలో బండ్ల దారులు ఒకదానికొకటి ఎదురుపడే తావులు 32. మూడు రోడ్ల కూడలిలో 9. చిన్న గుండ్రటి ఐలాండు కడితే నాలుగు రోడ్ల కూడలిలో కూడా అవి 8కి తగ్గుతాయి. దారులు పెరిగేకొద్దీ ఈ తావులు పెరుగుతాయి, వేగం తగ్గుతుంది, తగ్గని వేగం ప్రాణం తీస్తుంది. జాతీయ రహదారి మీదికి అనుమతి లేకుండా దారి తీయకూడదని 2002 నాటి చట్టం స్పష్టంగానే చెబుతోంది. చట్టానికీ ధాబాకూ మధ్య దూరం మనకు తెలిసిందే.

పల్లె జనం వైపు నుంచి చూస్తే తప్పు వాళ్ల ఒక్కరిదే అనలేం. ఎదురుగా కనబడే పొలానికి పోవాలంటే డివైడరు తెరిచిన చోటు కిలోమీటరున్నర అవతల. ట్రాక్టరు రాంగ్ రూట్లో వస్తుంది. సంక్రాంతి నుంచి నెలన్నర దాకా అహోబిలం స్వామి పార్వేట ఉత్సవానికి ఊరూరా తిరుగుతాడు, జనం ఆయన వెంట రోడ్లు దాటుతారు. వరి కోతలప్పుడు ఎండబోయడానికి నున్నటి తారు కన్నా మంచి కళ్లం లేదు. 2014 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ ఎమ్మెల్యే శోభా నాగిరెడ్డి నంద్యాలలో ఎన్నికల ప్రచారం ముగించుకుని తిరిగి వస్తుండగా, రోడ్డు మీది ధాన్యం రాశిని తప్పించబోయి వాహనం బోల్తాపడింది. మర్నాడు ఆమె కన్నుమూశారు. వంద వేగానికి వేసిన రోడ్డూ, కళ్లం లేని రైతూ ఒకేచోట కలిస్తే ఏమవుతుందో ఈ దారి అలా చూసింది. 40 వేగంతో పోయే బండి కన్నా వంద వేగంతో పోయే బండిలో గతిశక్తి ఆరు రెట్లకు పైగా ఉంటుంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి సర్వీసు రోడ్డు, తగినంత దగ్గరలో అండర్‌పాస్, ఊరికో ధాన్యం ఎండబోసుకునే దిమ్మ, ఇవన్నీ బైపాస్ ఖర్చులోనే కలిపి చూడాల్సినవి. తర్వాత చూద్దాం అని వదిలేస్తే ఆ ఖర్చు ప్రాణాల లెక్కలో వస్తుంది.

వదిలిన రోడ్డును ఏం చేయాలి?

బైపాస్ వస్తే వ్యాపారం పోతుందని పాత రోడ్డు మీది అంగళ్లవాళ్లు భయపడతారు. అమెరికాలో పలు రాష్ట్రాల్లో చిన్న ఊళ్ల మీద చేసిన పరిశీలనల్లో, దారిన పోయేవాళ్ల మీదే బతికే హోటళ్లు, పెట్రోలు బంకులు నష్టపోతాయనీ, ఊరి మొత్తం వ్యాపారం అంతగా దెబ్బతినదనీ తేలింది. ఆళ్లగడ్డ శిల్పుల్లాంటి వాళ్ల సంగతి వేరు. చెక్కిన విగ్రహం దారిన పోయే కంటికి కనపడాలి, అమ్ముడైన రాతి విగ్రహం లారీ ఎక్కాలి. ఇలాంటి పనులున్న ఊరికి బైపాస్ మీది నుంచి లోపలికి మంచి దారి, పెద్ద బోర్డు ఉంటే పరిష్కారం సగం దొరికినట్టే.

లారీలు ఖాళీ చేసిన జాగాను ఊరు వెంటనే వాడుకోవాలి. వాడుకోకపోతే పార్కింగు దాన్ని వాడుకుంటుంది. నంద్యాలలో 2017లో మెయిన్ రోడ్లను కట్టడాలు తొలగించి మరీ వెడల్పు చేశారు. వెడల్పైన అడుగులు నడిచేవాళ్లకు, బస్సుకు, ఆటోకు పంచి గీతలు గీస్తే అవి రోడ్డుగా మిగులుతాయి. లేకుంటే అంగడి ముందు మోటారు సైకిళ్ల స్టాండుగా మారతాయి. ఒక బస్సు మోసే యాభై మందిని యాభై మోటారు సైకిళ్లు మోస్తే రోడ్డు లెక్కలో మూడుకు బదులు ఇరవై ఐదు కార్ల జాగా పోతుంది. ఊళ్లోనే మొదలై ఊళ్లోనే ముగిసే ప్రయాణాలకు ఇంతకన్నా పెద్ద మందు లేదు.

ముందున్నది ఇంకో మార్పు. కల్వకుర్తి నుంచి కొల్లాపూర్, సోమశిల, ఆత్మకూరు మీదుగా నంద్యాల చేరే 167కె జాతీయ రహదారిని అభివృద్ధి చేస్తున్నారు. అది పూర్తయి, కృష్ణ మీద వంతెన వస్తే హైదరాబాదు నుంచి రాయలసీమకు వచ్చే బండ్లలో కొన్ని నంద్యాల తలుపు తట్టి పోతాయి. దాటిపోయే రకం మళ్లీ పెరుగుతుంది, ఈసారి ఉత్తరం వైపు నుంచి. ఒక బైపాస్ ఒక దారికే జవాబిస్తుంది. నాలుగు దిక్కుల నుంచి రోడ్లు కలిసే ఊరికి అవన్నీ ఊరి బయటే కలుసుకునే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటుకు భూమిని వెంచర్ల కన్నా ముందే మాస్టర్ ప్లానులో గుర్తుపెట్టడం ఒక్కటే చవకైన మార్గం.

మీ ఊరికి బైపాస్ వస్తోందని ప్రకటన వెలువడినప్పుడు అధికారులను మూడు ప్రశ్నలు అడగండి. మా ఊరికి వచ్చే బండ్లలో దాటిపోయేవి నూటికి ఎన్ని? కొత్త రోడ్డు మీదికి ఎన్ని దారులు తెరుస్తారు, ఎవరు కాపలా కాస్తారు? లారీలు వదిలిపోయిన పాత రోడ్డు ఎవరి చేతికి వస్తుంది, దానికి నిధులెక్కడివి? మొదటి జవాబుతో గడువు ఎన్నేళ్లో తెలుస్తుంది. రెండో జవాబు ఆ గడువును కాపాడుతుంది. మూడో జవాబు దొరక్కపోతే, గడువు తీరిన రోజున ఊరు మళ్లీ బైపాస్‌కే అర్జీ పెట్టుకోవాల్సి వస్తుంది, ఈసారి పాత బైపాస్‌ను తప్పించుకోవడానికి.